వడగాలి గారికి బొట్టు పెట్టిన సింధూరి

గన్నవరం వాయుదళంలో ఫ్లయింగ్ ఆఫీసర్ యలమర్తి సింధూరి పేరు ఎత్తితే ఆటోనగర్ మేస్త్రీలు నవ్వుతారు. తోటి పైలట్లు ఎందుకైనా మంచిదని జేబులు తడుముకుంటారు. దళపతి పూర్ణచంద్రరావు గారు మాత్రం కళ్ళు మూసుకుని, ఒక శ్లోకం మనసులోనే చదువుకుని, "ఏం చేసింది?" అని అడుగుతారు. ఏమీ చెయ్యలేదని చెప్పినా ఆయన నమ్మరు. నమ్మి మోసపోయిన సందర్భాలు ఆయనకు చాలా ఉన్నాయి.

ఇరవై మూడేళ్ళ ఈ పిల్ల చరిత్ర చెప్పాలంటే ముందు దేశచరిత్ర కొంచెం చెప్పక తప్పదు. హనుమాన్ జంక్షన్‌లో గుడివాడ పోవాల్సిన బస్సు నూజివీడు రోడ్డెక్కినట్టు, ఈ కథ జరిగే కృష్ణా డెల్టాలో చరిత్ర నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక మలుపు దగ్గర వేరే దారి పట్టింది. బట్టల బేరానికి బందరు రేవులో దిగిన దీవుల కుంపిణీ అనే వర్తక సంఘానికి ఇక్కడివాళ్ళు ఒడ్డున గజం జాగా ఇవ్వలేదు. కుంపిణీకి కోపం వచ్చింది. బంగాళాఖాతంలో దీవుల మీద కాపురం పెట్టి, పెరిగి పెరిగి చివరికి ఒక దేశమైపోయింది. ఇప్పుడు మనతో యుద్ధం చేస్తోంది.

కుంపిణీ వాళ్ళు తుపాకులు పేల్చరు. మంచు పంపిస్తారు. బూడిదరంగు ఉప్పుమంచు సముద్రం మీంచి పాకుతూ వస్తుంది. పొలం మీద కూర్చుంటే ఆ పొలంలో మళ్ళీ గడ్డిపోచ మొలవదు. మనిషి మీద కూర్చుంటే కమ్మగా నిద్ర పడుతుంది. లేచేసరికి వాడు కుంపిణీ ఓడలో ఉంటాడు, మెడలో ఐడీ కార్డు వేలాడుతుంటుంది, నోట్లోంచి "ఎస్ సార్" తప్ప ఇంకో మాట రాదు. అలా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ళంతా అక్కడ సుఖంగా ఉన్నారనీ, ఏటా ఇంక్రిమెంట్లు కూడా పడుతున్నాయనీ కుంపిణీ రేడియో చెబుతుంది. డెల్టా జనాన్ని అసలు భయపెట్టేది ఆ మాటే.

ఆ మంచును తరమగలిగింది గాలి ఒక్కటే. అందుకని మన యుద్ధవిమానాలకు ఇంజన్లుండవు. లారీ బాడీలు కట్టే ఆటోనగర్ షెడ్లలోనే వాటినీ కడతారు గనుక తోకల మీద నెమళ్ళూ, తామరపూలూ, "చూసి నడుపుము" అనే హితవూ ఉంటాయి. ఇంజను ఉండవలసిన చోట ఖాళీ ఇత్తడి గది ఒకటి ఉంటుంది. గాలి వచ్చి అందులో కూర్చుంటే విమానం లేస్తుంది. కూర్చోకపోతే లేవదు. గాలి రావాలంటే పిలవాలి.

పిలిచే మంత్రం ఏ గ్రంథంలోనూ లేదు, డెల్టాలో ప్రతి ఇంటా ఉంది. కుంకుమ భరిణె పట్టుకుని గాలి ఉండే చోటికి స్వయంగా నడిచి వెళ్ళాలి. చెప్పులు విప్పాలి. గడప అనదగ్గ చోట బొట్టు పెట్టి, "మా ఇంట్లో కార్యం ఉందండీ, మీరంతా తప్పకుండా రావాలండీ" అనాలి. అంతే. అయితే ఎవరు పడితే వాళ్ళు పిలిస్తే గాలి రాదు. వేలమందిలో ఏ ఒక్కరి పిలుపో దానికి వినపడుతుంది. ఎందుకు వినపడుతుందో తేల్చడానికి ప్రభుత్వం వేసిన పండితుల సంఘం ఇప్పటికీ భోజనాల దగ్గరే ఉంది.

సింధూరి పిలుపు గాలికి వినపడుతుందని ఐదో క్లాసులో బయటపడింది. లెక్కల పరీక్ష పోయిన రోజున బడి వెనక తాటిచెట్టుకు బొట్టు పెట్టి, ఒక సుడిగాలిని మర్యాదగా స్టాఫ్ రూముకి ఆహ్వానించింది. జవాబు పత్రాలు కాలవ దాటి పక్క ఊరి వడ్లమిల్లులో దొరికాయి. బెంజ్ సర్కిల్లో సిమెంటు వ్యాపారం చేసే తండ్రి రామకోటేశ్వరరావు హెడ్మాస్టరు గారి ముందు తల దించుకున్నాడు గానీ, ఇంటికొచ్చాక నాయనమ్మ రావమ్మ మాత్రం ఒక్కటే అడిగింది: "పిలిచినప్పుడు చెప్పులు విప్పావా?" విప్పానంది పిల్ల. "అయితే పర్లేదు" అని రావమ్మ కేసు కొట్టేసింది.

పెద్దయ్యాక వాయుదళం వాళ్ళే వచ్చి తీసుకెళ్ళారు. అక్కడ ఆమె దేశానికి చేసిన మొదటి సేవ జెండా పండుగనాడు జరిగింది. పూర్ణచంద్రరావు గారు దళపతి కాకముందు సంస్కృతం లెక్చరరు. ఉపన్యాసం మొదలుపెడితే విశ్వామిత్రుడి దాకా వెళ్ళి నడిచే వెనక్కి వచ్చేవారు. సింధూరి ఒక పిల్లతెమ్మెరను బతిమాలి, ఆయన మాట్లాడినంతసేపూ జెండా విప్పుకోకుండా పట్టుకోమంది. ముగించీ ముగించగానే జెండా రెపరెపలాడింది. మరుసటి ఏడు కూడా అలాగే జరిగేసరికి ఆయనకు విషయం అర్థమై ఉపన్యాసాన్ని తగ్గించేశారు. ఎండలో నిలబడే దళం ఆమెకు మనసులోనే నమస్కరించుకుంది.

ఇంత అల్లరిలోనూ విమానం ఎక్కితే ఆమెకు సాటి లేదు. ఆమె పక్కన ఎగిరే జోడీ విఠల్. బడిపంతుళ్ళ ఇంటి కుర్రాడు, అతి జాగ్రత్తపరుడు. పిలుపుకి వెళ్ళేటప్పుడు కూడా చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు. రోజుకొకరు వంతులవారీగా వెళ్ళి ఇద్దరి విమానాలకూ గాలిని పిలుచుకురావాలని వాళ్ళ ఒప్పందం. వాళ్ళ గాలి పైరగాలి గారు. సముద్రం నుంచి కృష్ణ వెంబడి వచ్చి ప్రకాశం బ్యారేజీ మీద విడిది చేసే ఇల్లాలు. చల్లని మనిషి. పట్టింపులు మాత్రం ఎక్కువ.

మే నెలలో ఒక రోజు పొద్దున సింధూరి వంతు వచ్చింది. ఏడింటికే ఎండ చురచురలాడుతోంది. బ్యారేజీ మధ్యదాకా నడవాలంటే ఆమెకు ప్రాణం ఒప్పలేదు. అప్పుడు ఆమెకు వచ్చిన ఆలోచన ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకే వస్తుంది, ఈ జిల్లాలో పుట్టినవాళ్ళే దాన్ని క్షమించరు. పిలుపును ఫోనులో రికార్డు చేసింది. వన్ టౌన్ నుంచి పూలు తెచ్చే ఆటో డ్రైవరు చేతికి ఒక బ్లూటూత్ స్పీకరు ఇచ్చి, బ్యారేజీ రెయిలింగుకు కట్టమంది. తాను ఒడ్డున కొబ్బరిబోండాల బండి నీడలో కూర్చుని బటన్ నొక్కింది. "మీరంతా తప్పకుండా రావాలండీ" అని స్పీకరు అరిచింది. వెనకాల ఎవరిదో రింగ్‌టోన్ కూడా వినపడింది.

పైరగాలి గారు వచ్చారు. రాకుండా ఉంటే బాగుండేది. ఫోన్లో పిలిచిన పెళ్ళికి మేనత్త ఎలా వస్తుందో అలా వచ్చారు: ఆలస్యంగా, బిగుసుకుని, కుర్చీ అంచున. ఇత్తడి గదిలో కూర్చున్నారు గానీ వెనక్కి ఆనుకోలేదు.

"ఏంటే, బండి ఇవాళ బరువుగా లేస్తోంది?" అన్నాడు విఠల్ రేడియోలో.

"నువ్వు తిన్న పెసరట్టు బరువురా అది."

కోడూరు దాటి, హంసలదీవి దగ్గర సముద్రం కనపడి, దూరంగా మంచు బూడిద గోడలా నిలబడి ఉండగా, పైరగాలి గారు లేచారు. భోజనం చెయ్యకుండా, చెప్పకుండా, రెండు విమానాల్లోంచీ దిగి తన దారిన తాను వెళ్ళిపోయారు.

సింధూరి విమానం గాల్లో జారుకుంటూ వెనక్కి వచ్చి హనుమయ్య అనే రైతు రొయ్యల చెరువులో దిగింది. విఠల్ ముందున్నాడు. అతని విమానం ఒడ్డు దాటిపోయి సముద్రంలో ఇసకదిబ్బ మీద పడింది.

"రొయ్యలకి గుండె ఆగిపోద్ది కదమ్మా! ఇదేమన్నా ఎయిర్‌పోర్టా?" అని హనుమయ్య గట్టు మీద నిలబడి మొత్తుకుంటుంటే, సింధూరి నడుం లోతు నీళ్ళలో నిలబడి రేడియో చెవికి నొక్కుకుంది.

"విఠల్! బతికున్నావా?"

"బతికే ఉన్నాను. కాలు బెణికింది. చుట్టూ నీళ్ళు. నీళ్ళ అవతల చుట్టూ మంచు. సింధూ, పొద్దున పిలుపుకి నువ్వు వెళ్ళావుగా?"

ఆమె నోట అబద్ధం తయారుగానే ఉంది. జీవితంలో మొదటిసారి అది బయటికి రాలేదు. "వెళ్ళలేదురా. స్పీకరు పెట్టాను."

"ఏ కంపెనీ స్పీకరు?" అన్నాడు విఠల్. నవ్వబోయాడు గానీ కుదరలేదు. "ఎండ ఉన్నంతసేపూ ఇది దగ్గరికి రాదే. పొద్దు వాలితే కమ్ముకుంటుంది. ఆ లోపల చూడు."

పడవలు ఆ మంచు దాటి వెళ్ళలేవు, నడిపేవాళ్ళే నిద్రపోతారు. విమానమే వెళ్ళాలి. హనుమయ్య తిట్టుకుంటూనే తన ట్రాలీ ఆటోలో ఆమెను గన్నవరం చేర్చాడు. దారంతా రొయ్యల సంగతే మాట్లాడాడు గానీ బండి మాత్రం ఎక్కడా ఆపలేదు.

అప్పటికే దళమంతా ఎండలో నిలబడి ఉంది. ఒక్క విమానమూ లేవడం లేదు. పైరగాలి గారు జరిగిన అవమానం తన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఈదురుగాలి ఆవిడకు అన్నగారు, కొండగాలి మరిది, తెమ్మెర చిన్న చెల్లెలు. ఒకరిని అవమానిస్తే ఆ తరఫు వాళ్ళెవరూ గడప తొక్కరు. ఎవరెళ్ళి పిలిచినా అందరిదీ ఒకటే జవాబు: ఆకు కదలలేదు.

పూర్ణచంద్రరావు గారు చొక్కా తడిసిపోయి అప్పుడే జీపు దిగారు. ఆయనకు కోపం వస్తే ఎదుటివారికి మర్యాద పెరుగుతుంది.

"ఫ్లయింగ్ ఆఫీసర్ సింధూరి గారూ. తమరు చేసిన ఘనకార్యం విన్నాను. నేనే స్వయంగా బ్యారేజీకి వెళ్ళాను. చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడ్డాను. ఆవిడ మొహం తిప్పుకున్నారు. నా సర్వీసులో నన్ను చూసి మొహం తిప్పుకున్న మొదటి గాలి ఆవిడ. తమరి మీద విచారణ రేపు. విఠల్‌కి మాత్రం రేపు లేదు. ఆ సంగతి తమరు ఆలోచించుకోవచ్చు."

తిట్టించుకుంటూ నవ్వు ఆపుకోవడం సింధూరికి అలవాటు. ఈసారి ఆపుకోవడానికి నవ్వు లేదు. షెడ్డు వెనక్కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"నాయనమ్మా, ఒక మాట చెప్తాను, తిట్టకు."

"తిట్టను, చెప్పు."

చెప్పింది. రావమ్మ తిట్టింది.

"స్పీకరు పెట్టి పిలిచావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మా తమ్ముడు గృహప్రవేశానికి ఫోన్ చేశాడని నేను ఇప్పటిదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. గాలి అంటే ఏమనుకున్నావే? మనకన్నా గొప్ప వంశం."

"ఇప్పుడేం చెయ్యను?"

"వెళ్ళి కాళ్ళు పట్టుకో. రేపో ఎల్లుండో కరుగుద్ది."

"ఈ సాయంత్రానికి కావాలి నాయనమ్మా. లేకపోతే విఠల్ ఇక రాడు."

రావమ్మకు విఠల్ అంటే ఇష్టం. ఆ కుర్రాడు ఆవిడ ఆవకాయను మెచ్చుకోవడమే కాక, కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాడు.

"అలిగినవాళ్ళు ఈ పూటకి రారు. వాళ్ళ బలగమూ రాదు. వాళ్ళతో పొత్తు లేనివాళ్ళెవరన్నా ఉంటే చూసుకో."

"ఎవరున్నారు?"

"నాకేం తెలుసే, మీ గాలులూ మీ గోలా. ఉండు, తలుపు వేసొస్తాను. వడగాడ్పు మొహం మీద కొడుతోంది."

ఫోనులో తలుపు ధనామని మూసుకున్న చప్పుడు వినపడింది. సింధూరి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. ఈ వేళప్పుడు విజయవాడలో ప్రతి ఇంటి తలుపూ అలాగే మూసుకుంటుంది. ఆ వడగాలి బయల్దేరాడంటే షాపులు షట్టర్లు దించుతాయి, టీవీ వాళ్ళు బయటికి రావద్దని చాటింపు వేస్తారు. ఇన్ని వందల ఏళ్ళుగా ఏటా వస్తున్నాడు. ఒక్కరంటే ఒక్కరు రమ్మన్న పాపాన పోలేదు.

షెడ్డులో నతానియేలు శిక్షణ విమానానికి రంగు వేస్తున్నాడు. రెండు సీట్ల బండి, తోక మీద నెమలి సగమే అయింది. ఆటోనగర్‌లో పేరున్న మేస్త్రీ అతను.

"బాబాయ్, ఈ బండి సిద్ధం చెయ్యి. నీ స్కూటర్ ఇవ్వు. వడగాలిని పిలవడానికి వెళ్తున్నాను."

నతానియేలు కుంచె కింద పెట్టాడు. "మతి పోయిందా అమ్మా? ఆయన్ని పిలిచినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"లేరు. అందుకే వస్తాడేమో."

అతను కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళమేమోనని వెతికాడు, దొరకలేదు. టిఫిన్ బాక్సులోంచి ఒక ఉల్లిపాయ తీసి ఆమె జేబులో పెట్టాడు. "వడదెబ్బ తగలకుండా. నువ్వు బొట్టు పెట్టి పిలువు, నేనిక్కడ ప్రార్థన చేస్తాను. రెండు వైపుల నుంచీ అడుగుదాం."

వడగాలి గారి నివాసం కొండపల్లి కొండల పడమటి వైపు ఒక నల్లబండ. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా లేదు. సింధూరి స్కూటర్ కింద వదిలి కొండెక్కింది. గొంతు ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుంది. బండ దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగింది. చెప్పులు విప్పాలి.

విప్పింది. అట్లపెనం మీద కాలు పెట్టినట్టయింది. భరిణె తెరిచి బండకు బొట్టు పెడితే వేలు చురుక్కుమంది. అప్పుడు తెల్లటి ఎండలోంచి ఆయన వచ్చి ఆమె మొహం మీద కొట్టాడు. కనురెప్పలు కాలాయి. ఎండకు తలకి చుట్టుకున్న చున్నీ ఎగిరి ఎటో పోయింది. పొమ్మని అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

"నమస్కారమండీ వడగాలి గారూ" అంది సింధూరి. వెనక్కి ఒక్క అడుగు వెయ్యలేదు. "నేను యలమర్తి రామకోటేశ్వరరావు గారి అమ్మాయినండీ. గన్నవరంలో మాకొక కార్యం ఉంది. మీరు ఇంటిల్లిపాదితో తప్పకుండా రావాలండీ."

ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి.

"మీకు నమ్మకం కలగకపోవడం న్యాయమేనండీ. పొద్దున ఒక పెద్దావిడని నీడలో కూర్చుని పిలిచాను. అందుకే ఎండలోకి వచ్చాను. మా విఠల్ సముద్రంలో చిక్కుకున్నాడు. మీరు వస్తే బతుకుతాడు. రానంటే చెప్పండి, నేను మళ్ళీ పిలుస్తాను. మీరు వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కొండ మీద గడ్డి అంతవరకూ వంగి ఉంది. అది నెమ్మదిగా లేచి నిలబడింది. వందల ఏళ్ళలో మొదటిసారి వడగాలి గారికి ఏం చెయ్యాలో తోచలేదు. పిలుపు అందుకున్న అలవాటు లేనివాడు, పాపం. కాసేపటికి ఏదో ఆమె పాదాల చుట్టూ ఒకసారి తిరిగి, దూరంగా ఎగిరిపోయిన చున్నీని తెచ్చి భుజం మీద వేసింది.

గన్నవరం గేటు దగ్గర స్కూటర్ వెనకే వచ్చిన ఆయన వేడికి సెంట్రీలు పక్కకు తప్పుకున్నారు. పూర్ణచంద్రరావు గారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"ఏమిటిది? వడగాలిని విమానంలో పెడతారా? ఇత్తడి కరిగిపోతుంది. నేను అనుమతించను."

"అనుమతించకండి సార్. మీరే చెప్పి పంపించెయ్యండి" అంది సింధూరి పెదవులు పగిలిన మొహంతో. "బొట్టు పెట్టి పిలిచాను. గుమ్మం దాకా వచ్చారు. చుట్టాన్ని గుమ్మంలోంచి వెనక్కి పంపే మాట నా నోటితో రాదు. మీకొస్తే అనండి."

దళపతి గారు నోరు తెరిచారు. ఆయన వెనక తరతరాల పెద్దలు నిలబడి చూస్తున్నట్టనిపించింది. నోరు మూశారు. పక్కకు జరిగి, "దయచేయండి" అన్నారు. తర్వాత ఎవరికో గట్టిగా కేక వేశారు: "మజ్జిగ తెండయ్యా! కుండతో!"

నతానియేలు ఇత్తడి గది చుట్టూ తడిపిన గోనెపట్టాలు చుట్టాడు, సీటు వెనక వట్టివేళ్ళ తడిక కట్టాడు. కొత్త అతిథి లోపల కూర్చోగానే సగం నెమలి విమానం పక్కింటి పిల్లిలా ఒక్క గెంతు గెంతి ఆకాశంలో ఉంది.

హంసలదీవి దగ్గర పొద్దు వాలుతోంది. సరిగ్గా నేల అయిపోయి నీళ్ళు మొదలయ్యే గీత దగ్గర విమానం ఆగిపోయినంత పని చేసింది. వడగాలి గారు ఎన్నడూ ఆ గీత దాటలేదు. అవతల పైరగాలి వాళ్ళ పుట్టిల్లు.

సింధూరి తిట్టలేదు, బతిమాలలేదు. "మీరు మా చుట్టంగా వస్తున్నారండీ. మా వెంట వచ్చినవాళ్ళని ఎవరేమంటారో నేను చూస్తాను. ముందు మీరే నడవండి."

విమానం గీత దాటింది.

మంచులోంచి కుంపిణీ డేగలు లేచాయి. అవి ఓడ తెరచాపలను మంచులో నానబెట్టి చేసిన రెక్కల యంత్రాలు. ఆ తడి ఉన్నంతసేపే ఎగురుతాయి. గుంపుగా ఆమె మీదికి దిగాయి. పొద్దుటి నుంచి కనపడకుండా పోయిన అల్లరి సింధూరి కళ్ళలోకి అప్పుడు తిరిగొచ్చింది. తప్పించుకోకుండా సూటిగా వాటి మధ్యలోకి దూరి, "వీళ్ళ బట్టలు తడిగా ఉన్నాయండీ, కాస్త ఆరేద్దాం" అంది. వడగాలి గారు ఒక్కసారి ఊదారు. రెక్కలన్నీ ఇస్త్రీ మరిచిపోయిన చొక్కాల్లా ఎండి, ముడుచుకుని, పెళుసుగా విరిగాయి. డేగలు నీళ్ళలో పడి, వాటిలోని ఉద్యోగులు ఒకరితో ఒకరు "ఎస్ సార్" అనుకుంటూ ఓడల వైపు ఈదారు.

ఇసకదిబ్బ సగం మంచులో మునిగి ఉంది. విఠల్ విమానం రెక్కకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూతపడుతున్నాయి. మెడలో మంచే గడ్డకట్టి ఐడీ కార్డు పలకలా అవుతోంది. ఇంకా పేరు పడలేదు. సింధూరి బొబ్బలెక్కిన కాళ్ళతో కుంటుతూనే ఇసకలో పరిగెత్తింది.

"ఒరేయ్ విఠల్! లే!"

"ఎస్ సార్."

"సార్ ఏంట్రా! నేను సింధూరిని!"

"ఎస్ సార్."

ఆ పలక పట్టి లాగింది. చెయ్యి తిమ్మిరెక్కి నిద్ర మోచేతిదాకా పాకింది. ఇంకో చేత్తో లాగింది. అదీ బరువెక్కింది. పళ్ళు బిగించి, రెండు చేతులూ అతని చంకల కింద దూర్చి ఈడ్చింది. కళ్ళు మూతపడుతుంటే జేబులోని ఉల్లిపాయ కొరికి కళ్ళనీళ్ళతో మెలకువగా ఉంది. రెండడుగులు ఈడ్చి పడింది, లేచింది, మళ్ళీ ఈడ్చింది. "ఇంటికి తీసుకెళ్తానురా. నువ్వు ఎస్ అన్నా తీసుకెళ్తాను, నో అన్నా తీసుకెళ్తాను."

వడగాలి గారు పిలవకుండానే విమానం దిగి వచ్చారు. ఇద్దరి చుట్టూ ఒక్క చుట్టు తిరిగారు. మంచు బుస్సుమని వెనక్కి పోయింది. విఠల్ మెడలో పలక కరిగి చొక్కా మీద కారింది. నుదుట చెమట పట్టింది. అతను మొహం చిట్లించి, కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"అబ్బబ్బ, ఏం వేడే బాబూ! చచ్చిపోతున్నాం!"

మనిషి తిరిగొచ్చాడనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. సింధూరి ఇసకలో కూలబడి ఏడ్చినంత పని చేసింది, నవ్వినంత పనీ చేసింది. తర్వాత గుర్తొచ్చి కంగారుగా పైకి చూసింది. "ఏమీ అనుకోకండేం. మా వాళ్ళ పలకరింపే అంతండీ."

వాళ్ళు గన్నవరంలో దిగేసరికి పడమట ఇంకా ఎర్రగా ఉంది. దళమంతా రన్‌వే మీద వరసగా నిలబడింది. విఠల్‌ను మంచం మీద వేసి మోసుకెళ్తుంటే అతను ఆగమన్నాడు, సాగనంపడం చూస్తానన్నాడు. పూర్ణచంద్రరావు గారు మజ్జిగ కుండను స్వయంగా అతిథి ముందు పెట్టారు. కుండలో మజ్జిగ ఆవిరై లేచిపోయింది. తాంబూలంలో ఆకులు ముట్టగానే గలగలమన్నాయి. అతిథి తృప్తిగానే ఉన్నట్టు కనపడింది. ఇక బయల్దేరబోతూ, బయల్దేరకుండా, గుమ్మం దగ్గర ఆగాడు.

ఎందుకు ఆగాడో అందరికీ తెలుసు. ఆ ఒక్క మాటా ఇంకా ఎవరూ అనలేదు.

దళపతి గారు గట్టిగా దగ్గారు. సింధూరి చూస్తే, కళ్ళతోనే వద్దన్నారు. నతానియేలు తల అడ్డంగా ఊపాడు. మంచం మీంచి విఠల్ గుసగుసగా, "సింధూ, ఆలోచించుకో. కింద ఊరుంది" అన్నాడు. తలుపులేసుకుని, ఫ్యాన్ల కింద, చెమటలు కక్కుతూ విజయవాడ మొత్తం ఆ మాట కోసం భయపడుతున్నట్టనిపించింది.

సింధూరి బొబ్బలెక్కిన కాళ్ళతో ముందుకు నడిచింది. రెండు చేతులూ జోడించింది.

"మీరు చేసింది మరిచిపోమండీ. మళ్ళీ తప్పకుండా రావాలి."

వేడిగా, నెమ్మదిగా, ఎవరో పెద్దాయన తల నిమిరినట్టు ఆమె జుట్టు కదిలింది. దుమ్ము పడమటి వైపు లేచి వెళ్ళిపోయింది.

పూర్ణచంద్రరావు గారు చాలాసేపు కళ్ళు మూసుకుని శ్లోకం చదువుకున్నారు. తర్వాత, "రోహిణి కార్తె ఇంకా ఎన్నాళ్ళుందయ్యా?" అని అడిగారు.

ఎవరో వారం ఉందన్నారు.